మాస్కు తీసి ముందు నడండి

భీముడు వంగే వెళ్లాడు. పోడు మంటల మధ్య పెరిగిన కొండవాడు ఇంకెలా వెళతాడు? తడి తువ్వాలు మూతికి కట్టుకుని, పొగ పైకే పోతుంది గదా అని నడుం వంచి, పైపు పట్టుకుని కాలుతున్న చెత్తగుట్టలోకి దిగాడు. ఆ పొగ పైకి లేవలేదు. నేలనంటుకుని పాకింది. వంగినవాడు వంగినట్టే కూలిపోయాడు.

కాళ్లు పట్టి బయటికి ఈడ్చినవాడు ఫల్గుణ. ఇద్దరూ లోయలోని ఫైర్ స్టేషన్‌లో రోజుకూలీకి మంటలార్పేవాళ్లే. ఆస్పత్రికి చేరకముందే భీముడి ప్రాణం పోయింది.

"కాగితాలూ ఇస్తరాకులూ కాలితే మనిషి చస్తాడా? తాగుంటాడు," అన్నాడు చెత్త కాంట్రాక్టర్ సర్వేశ్వరరావు. గాలి వచ్చే వైపు, దూరంగా నిలబడి అన్నాడు. ముక్కుకి మందపాటి మాస్కు. పక్కనున్న స్టేషన్ ఆఫీసరుకీ అలాంటిదే.

ఫల్గుణ కళ్లు ఆ మాస్కుల మీదే ఉండిపోయాయి. ఇస్తరాకుల పొగకి ఇంత జాగ్రత్తెందుకు? బొర్రా గుహలకొచ్చే టూరిస్టుల చెత్తే అయితే లారీలు టార్పాలిన్ బిగించుకుని ఘాట్ రోడ్డు కింద నుంచి ఎందుకొస్తున్నాయి? ఏ ఫ్యాక్టరీ కడిగిన మురికి ఇది? చివరికి 'పాపం భీముడు' అంటూ ఆఫీసరు చూపించిన జాలి మీదా అతనికి అనుమానమే.

సంతరోజు ఊరివాళ్లూ ఫైర్ కూలీలూ ఒకచోట చేరారు.

"ఆర్పకపోతే పొగ మన ఊరికే వత్తాది. పని పోతే పిల్లలకేటి పెట్టాల?" అన్నాడు కూలీల్లో ఒకడైన గంగరాజు.

"పానం పోతే ఏటి పెడతావు?" భీముడి భార్య సోములమ్మ గయ్యిమంది. "పోడు కాల్చినప్పుడు మంట అడివిలోకి పోకుండా సుట్టూ గడ్డి సెక్కుతాం గదా. అదే సేద్దాం. నోపలికి మాత్రం ఎవుడూ దిగొద్దు."

గంగరాజు నేలచూపులు చూశాడు. ఫల్గుణ అది గమనించాడు.

గుట్ట మళ్లీ అంటుకుంది. ఊరంతా పారలతో వచ్చి, పొగకి ఎడంగా, చుట్టూ నేల చెక్కేసింది. కాఫీ తోటల వైపు మంటకి దారి లేదు. అప్పుడు కూలీలు పైపు కింద పెట్టేశారు.

"దిగండ్రా!" ఆఫీసరు అరిచాడు.

"పొగలో ఏటీ నేదన్నారు గదా కాంట్రాక్టర్ బాబూ," అన్నాడు ఫల్గుణ. "మాస్కు తీసి ముందు నడండి. మీ ఎనకే వత్తాం."

సర్వేశ్వరరావు చెయ్యి మాస్కు దాకా వెళ్లింది. తియ్యడానికి కాదు, ఇంకా బిగించుకోడానికి. జనమంతా చూశారు.

కాంట్రాక్టర్ పిలిపించిన పోలీసులు ఫల్గుణ కాలరు పట్టి జీపులోకి తోశారు. అతనికి భయం వేసింది, అబద్ధమెందుకు. గంగరాజు లొంగిపోతాడేమోనని అంతకన్నా భయం వేసింది. అనుకున్నట్టే గంగరాజు వంగి పైపెత్తాడు.

కానీ గుట్ట వైపు పోలేదు. పైపుని రోడ్డుకి అడ్డంగా లాగి, రెండో కొస సోములమ్మ చేతికిచ్చాడు. ఊరు ఊరంతా ఆ పైపు పట్టుకుని రోడ్డు మీద కూర్చుంది. అటు లారీలు, ఇటు జీపు.

"మాకూ మాస్కులొచ్చేదాకా మంట మీదికి నీల్లు రావు! ఆ సరుకేటో సెప్పేదాకా లారీలు రావు!"

జీపులోంచి ఫల్గుణ గొంతు కలిపాడు. డ్రైవరు హారన్ మోగించాడు. పైపు మీది చెయ్యి ఒక్కటీ కదల్లేదు.