కింది ఇంటి అమ్మమ్మ

ఆ బిల్డింగ్ వాళ్ల ఫోన్ గ్రూపులో తెలుగు వచ్చినవాళ్లు ఇద్దరే. లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే చెల్లెలూ, పై అంతస్తులో ఉండే ఆమె అక్కా. నీళ్లు రాలేదని, లిఫ్టు ఆగిందని అందరూ ఆ ఊరి భాషలో మొత్తుకుంటుంటే, మధ్యలో వీళ్ల తెలుగు వేళాకోళాలు. విడిగా రాసుకోవచ్చుగా అంటారా? అందరి ముందే ఆడిపోసుకున్నా ఎవరికీ అర్థం కాకపోతే వచ్చే మజాయే వేరు. పగలంతా పరాయి భాషలో వంగి వంగి మాట్లాడే మనిషికి ఆ నాలుగు ముక్కలే ఊపిరి మరి.

వాటిలో సగం కింది ఇంటి ముసలావిడ మీదే. వచ్చేపోయేవాళ్లను కిటికీలోంచి చూస్తుందని చెల్లెలు, అందరికీ పెట్టినట్టే ఆవిడకూ ఒక పేరు పెట్టింది, కాపలాకుక్క అని. బడి వదిలాక తన కూతుర్ని చూసుకునేది ఆ మహాతల్లే! పాప ఆవిడను అమ్మమ్మా అని పిలుస్తుంది. ఆవిడకు వచ్చిన తెలుగల్లా ఆ ఒక్క మాట. ఇంటికెవరొచ్చినా ఆ మాట చెప్పి మురిసిపోతుంది.

ఒకరోజు గ్రూపులో ప్రతి మెసేజీ కింద అనువాదం మీట వచ్చింది. లాండ్రీలో అది చూసిన చెల్లెలు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది. పాతవి చెరిపేయబోతే కుదరలేదు. ముసలావిడకి ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయే, ఊరుకో అంది అక్క ఫోన్లో. గ్రూపులో వచ్చే ప్రతి ముక్కా చదివే మనిషికి తెలియకేం?

సాయంత్రానికల్లా ముసలావిడ పేరు మీద మెసేజీ వచ్చింది, యంత్రం తిప్పిన మొద్దు తెలుగులో.

"కుక్క అనే పదం నేను చదివాను. నాతో మర్యాదగా మాట్లాడే మీరు, ఇక్కడ రాసే మీరు, ఇద్దరిలో ఎవరు మీరు? పాపను రేపు కూడా పంపండి. ఆమె తప్పు లేదు. నన్ను అమ్మమ్మ అని పిలవవద్దని ఆమెకు చెప్పండి."

చెల్లెలు సిగ్గుతో చచ్చిపోతూ, పాపను తెచ్చుకోవడానికి మెట్లు దిగింది. క్షమించమని ఆ ఊరి భాషలోనే అడిగింది. రోజూ అలవాటుగా అనే మాటే కదా, ఆవిడ నమ్మలేదు. పాపకు కోటు గుండీలు పెట్టి, సంచీ తగిలించి, తలుపు మెల్లగా వేసుకుంది.

"అమ్మమ్మ ఇవాళ టాటా చెప్పలేదేంటి?" అంది పాప.

"ఆవిడని ఇంక అమ్మమ్మ అనకు తల్లీ."

"మరి ఏమని పిలవాలి?"

బిల్డింగంతటికీ పేర్లు పెట్టిన మనిషి, మెట్ల మీద ఏడుస్తూ నిలబడిపోయింది.