రోజుకో పిసరు వెలుతురు

ఆ భవనంలో వెలుతురు తగ్గుతోందని అతనొక్కడికే తెలుసు. తగ్గిస్తున్నది అతనే కాబట్టి.

పైకప్పంతా సోలార్ పలకలు పరిచిన ఆఫీసు భవనం అది. దాని కరెంటు వ్యవహారమంతా చూసే ఇంజనీరు అతను. బయటి లైను నుంచి ఒక్క యూనిట్ కూడా తీసుకోకుండా ఏడాది పొడుగునా నడిపిస్తామని డైరెక్టరు ఊరంతా చాటుకున్నాడు. అన్నీ సవ్యంగానే సాగాయి గానీ, చివరి నెలలో మబ్బులు పట్టాయి. పట్టినవి వదల్లేదు. దీపాల కాంతిని రోజుకో పిసరు తగ్గించుకుంటూ పోతే సరిపోతుందని అప్పుడతనికి తట్టింది. ఒక్కసారిగా తగ్గితే అందరూ తలెత్తి చూస్తారు. కొద్దికొద్దిగా తగ్గితే కన్ను సర్దుకుంటుంది, సర్దుకుంటున్న సంగతి మనిషికి చెప్పదు. ఈ కిటుకు కనిపెట్టినందుకు మొదట్లో లోలోపల మురిసిపోయాడు కూడా. కంప్యూటర్ తెరలకు అతుక్కుపోయి పనిచేసేవాళ్లెవరూ ఏమీ గమనించలేదు.

అతని అక్క రెండో అంతస్తులో పనిచేస్తుంది. సర్వేవాళ్లు గీసి పంపిన భూముల పటాలను భూతద్దం పెట్టి సరిచూడటం ఆమె ఉద్యోగం. వెంట్రుకంత గీత పక్కకి జరిగితే ఒకరి పొలం ఇంకొకరిదైపోతుంది. ఆమె చేతుల మీదుగా పోయిన పటంలో తప్పు దొరికిందన్న మాట ఎవరూ వినలేదు. ఆఫీసులో ఆమెని డేగమ్మ అంటారు.

ఒక మధ్యాహ్నం డేగమ్మ తమ్ముణ్ని మెట్ల దగ్గరికి పిలిచింది.

"ఎవరితోనూ అనకురా. నాకు చూపు తగ్గుతోంది."

"అలసటలే అక్కా."

"అలసట కాదు. అమ్మకీ ఇలాగే మొదలైంది. నువ్వప్పుడు చిన్నవాడివి, నీకు గుర్తుండదు."

అమ్మ గోడలు తడుముకుంటూ తిరగడం అతనికి బాగానే గుర్తుంది. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఏడాది నిండటానికి ఇంకెన్నో రోజులు లేవు, అంతవరకూ ఆగితే ఏం కొంప మునుగుతుందని అనుకున్నాడు. డాక్టరుకి చూపించుకోమన్నాడు. ఆ సలహా ఇచ్చేటప్పుడు తన గొంతులో పలికిన ఆప్యాయత తర్వాత చాలాసేపు అతన్ని వదల్లేదు. అది నటన కాదు. నటనైనా బాగుండేది.

డాక్టరు పైకి లోపమేమీ కనిపించడం లేదన్నాడు. తల్లికి ఉంది కాబట్టి ఓ కంట కనిపెడుతూ ఉండాలని చుక్కల మందు రాసిచ్చాడు. భయపడ్డ మనిషికి ఇంట్లో దీపం కూడా మసకగానే కనిపిస్తుంది. ఆమె ఇంటి నుంచి చిన్న టేబుల్ లైటు తెచ్చి తన బల్ల మీద పెట్టుకుంది.

సొంత లైట్లు పెట్టుకోకూడదన్న నియమం తమ్ముడు తెచ్చిందే. అక్కయ్యగారి కోసం సూర్యుడు వేరేగా ఉదయిస్తున్నాడని పక్క బల్ల ఆయన ఒక వేళాకోళం విసిరాడు. నలుగురూ నవ్వారు. అతను ప్లగ్గు పీకి, తీగని పద్ధతిగా చుట్టి, లైటుని అక్క చేతిలో పెట్టాడు. తమ్ముడు నలుగురిలో మాట పడకూడదని కాబోలు, ఆమె దాన్ని గబగబా సంచిలో దాచేసింది.

తర్వాత వారం ఆమె మోకాలికి కట్టుతో వచ్చింది. బల్ల తగిలిందని చెప్పింది. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్తూ అతని గది ముందు ఆగింది.

"రేపు రాజీనామా ఇచ్చేస్తానురా. తప్పు పటం ఒకటి నా చేతుల మీదుగా పోకముందే."

ఇంటికెళ్లే దారంతా అతను ఒకటే ఆలోచించాడు. ఎవరూ చూడకుండా దీపాలు పెంచేస్తే సరి. చుక్కల మందు పనిచేసిందనుకుంటుంది. సంతోషిస్తుంది. తన గుట్టు తనకి మిగులుతుంది. ఆ పథకం ఎంత చులాగ్గా, ఎంత నున్నగా తయారైందో చూసుకుని తన మీద తనకే భయం వేసింది.

పొద్దున్నే ఆమెని తన గదిలోకి తీసుకెళ్లాడు. వెంట తెచ్చుకోమన్న పటం తీసి చూస్తూ ఉండమన్నాడు. ఆమె భూతద్దం పెట్టి వంగింది. అతను భవనంలోని దీపాలన్నిటినీ పాత స్థాయికి పెంచాడు.

భూతద్దం ఆమె చేతిలో కదలకుండా ఆగిపోయింది. అతను మబ్బుల దగ్గర మొదలుపెట్టి ప్లగ్గు పీకడం దాకా అంతా చెప్పాడు. తిట్టేదాకా ఆపకూడదన్నట్టు చెబుతూనే ఉన్నాడు.

"అయితే నా కళ్లు బాగానే ఉన్నాయా?"

"బాగానే ఉన్నాయక్కా."

ఆమె మొహం విప్పారింది. కోపానికి సిద్ధపడి వచ్చిన అతనికి ఆ సంతోషాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

"మోకాలికి బల్ల తగల్లేదురా," అంది నవ్వుతూనే. "ఇంట్లో కళ్లు మూసుకుని నడవడం నేర్చుకుంటున్నా. ముందే అలవాటైతే రేపు ఎవరికీ భారం కాకుండా ఉంటానని. ఇప్పుడు వంటింటిదాకా తడుముకోకుండా వెళ్లిపోతాను, తెలుసా?"

చెబుతుండగానే ఆ నవ్వు సగంలో ఆగింది. పటం మడిచి లేచింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది.

"మెట్ల దగ్గర నీతో చెప్పిన రోజున నీకు తెలుసా?"

"తెలుసు."

ఆమె తలూపి, తన అంతస్తుకి వెళ్లిపోయింది.

బయటి లైను మీటరులో ఏడాదిగా కదలని అంకె కదిలింది. డైరెక్టరు గది నుంచి ఫోను మోగుతోంది. అతను తీయలేదు. లేచి, కళ్లు మూసుకుని, గుమ్మం వైపు అడుగు వేశాడు. రెండో అడుగుకే ఏదో తగులుతుందన్న భయం పట్టుకుంది.

కళ్లు తెరిచేశాడు. ఎదురుగా ఏమీ లేదు.