మేకులు కొట్టకూడని గది

ఎడమ రొమ్ము తీసేసిన చోట నాకు ఒక గది ఖాళీ అయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజునే మా ఆయన దానికి టులెట్ బోర్డు కడతాడు. దారం ఒంటికి తగలకుండా జాకెట్టు గుండీకి కడతాడు. ఆ జాగ్రత్త ఆయనకి పెళ్ళయినప్పటి నుంచీ అలవాటే.

నా చర్మం పుట్టుకతోనే అంత. గట్టిగా పట్టుకుంటే పొక్కుతుంది, లాగితే ఊడొస్తుంది. మా అమ్మ నన్ను చేతులతో ఎత్తుకోలేదు, దిండు మీద పడుకోబెట్టి దిండునే ఎత్తుకుంది. ఒంటి మొత్తం మీద ఎప్పుడూ చిరగని చోటు ఆ ఎడమ రొమ్ము ఒక్కటే. ఎందుకో డాక్టర్లకీ తెలియదు. మా పాప వకుళ పుట్టినప్పటి నుంచి అక్కడే చెంప ఆనించి పడుకునేది. క్యాన్సరు వెతుక్కుని వెతుక్కుని సరిగ్గా అక్కడికే వచ్చింది. దానికి వేరే చోటే దొరకలేదా అని నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఇప్పుడు వకుళ నా పక్కన చేతులు వెనక్కి కట్టుకుని పడుకుంటోంది. నిద్రలో పొరపాటున నా మీద వేస్తానేమోనని దానికి భయం. ఎనిమిదేళ్ళ పిల్ల అలా పడుకోవడం నేను చూడలేను. నాకు అందం అక్కర్లేదు. దాని చెంపకి చోటు కావాలి. అందుకే గది అద్దెకిస్తున్నాను.

మొదట నా పొట్ట మీది కొవ్వే వస్తుంది, పెట్టె సర్దుకుని. అయినవాళ్ళే కదా అని సంతోషిస్తాను. దాని వెనకాలే డాక్టర్ భాస్కరవర్మగారు వస్తారు. తీసేసిన రొమ్ములు మళ్ళీ కట్టే డాక్టరాయన. మా ఊళ్ళో ఆయన చేతికి మంచి పేరుంది. పొట్ట దగ్గర కోస్తే అక్కడి గాయం ఇక మానదని ఆయన కొవ్వుకి నెమ్మదిగా నచ్చజెబుతారు. అది తల వంచుకుని, పెట్టె పట్టుకుని, తన చోటికి తను వెళ్ళిపోతుంది.

తరవాత రొమ్ము బదులు పెట్టే సిలికాన్ సంచి వస్తుంది. చాలా మర్యాదస్థురాలు, గుమ్మం దగ్గరే చెప్పులు విడుస్తుంది. గాలీ వెలుతురూ బాగున్నాయంటుంది. నీళ్ళు ఏ వేళకి వస్తాయో అడుగుతుంది. ఒక్కటే చిక్కు, తను జారిపోకుండా గోడకి మేకులు కొట్టుకోవాలిట. మేకులు కొట్టకూడదని నేను ముందే బోర్డు మీద రాయించాను. ఇల్లుగలవాళ్ళందరూ అనే మాటే అది, కానీ వాళ్ళ గోడలకి రక్తం రాదు.

డాక్టరుగారు గోడని చిటికెనవేలితో తట్టి చూస్తారు. పాత సున్నంలా పొర లేచి ఆయన వేలికి అంటుకుంటుంది. ఆయన దాన్ని జేబురుమాల్లో మడిచి నాకే ఇస్తారు.

"కుట్టు నిలవదమ్మా," అంటారు. "సూది దిగిన ప్రతి కన్నమూ చిరుగవుతుంది. గది కట్టగలను. తలుపు మూయలేను."

తలుపు లేకపోతే ఏమవుతుందని అడుగుతాను. తెరిచిన ఇంట్లోకి దుమ్మూ జ్వరమూ వచ్చి కూర్చుంటాయని, కూర్చున్నాక లేవవని చెబుతారు. సంచి నాకు నమస్కారం పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోతుంది. నాకు ఏడుపొస్తుంది. కన్నీళ్ళు బుగ్గల మీద పడితే మండుతాయి కనక తల బాగా వంచి నేల మీదికి ఏడుస్తాను.

వకుళ ఇదంతా తలుపు పక్కన నించుని వింటోంది. స్కూలుకని వేసుకున్న యూనిఫాంలోనే వచ్చి, నా గదిలోకి తొంగి చూస్తుంది.

"నేను దిగుతానమ్మా," అంటుంది. "నాకు గోడకి తగిలించుకునేవేం లేవు."

ఇంతకన్నా మంచి మనుషులు దొరకరు. పైగా తెలిసిన పిల్ల. ఒప్పుకుంటాను. అద్దె ఇల్లయినా సరే, చేరేముందు పాలు పొంగించాలి. లేకపోతే మా వైపు ఎవరూ సామాను దించరు. వకుళ చిన్న గిన్నెతో పాలు తెస్తుంది. పొయ్యి తూర్పువైపు ఉండాలి కదా అని నన్ను తూర్పుకి తిరగమంటుంది. తిరుగుతాను. అది మోకాళ్ళు ముడుచుకుని లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగిస్తుంది. చాలా రోజులకి నా ఎడమవైపు వెచ్చగా ఉంది.

పాలు పైకి వస్తున్నాయి. మంట తగ్గించనా అని లోపలినుంచి అడుగుతుంది. పొంగనీ, శుభమే కదా అంటాను. పాలు గడప దాటి, గుమ్మమంతా కారతాయి. ఒళ్ళు కాలుతుందని డాక్టరుగారు కంగారుపడతారు గానీ కాలదు. పాలు అక్కడే చల్లారి మీగడ కడతాయి. మేం చూస్తుండగానే గుమ్మం మీద పల్చని చర్మం పరుచుకుంటుంది, ఒక్క కుట్టు లేకుండా.

లోపల వకుళ దానికి చెంప ఆనిస్తుంది. బయటికి గుండ్రంగా వస్తుంది. అచ్చం మునుపటిలాగే ఉంది. డాక్టరుగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, తనయితే ఇంత చక్కగా కట్టలేకపోయేవాడినని ఒప్పుకుంటారు. మా ఆయన బోర్డు విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియక, వకుళ దిండుకి కడతాడు.

ఆ దిండు చూశాక నా సంతోషం నిలవదు. చెంప ఉంది, పిల్ల లేదు.

"అమ్మా, తలుపు తియ్యి. స్కూలు ఆటో వచ్చేసింది," అంటుంది వకుళ లోపలినుంచి.

తీస్తే చిరుగుతుంది. మళ్ళీ కట్టదు, ఒక ఇంట్లో దిగేవాళ్ళు పాలు ఒక్కసారే పొంగిస్తారు. కాసేపు చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంటాను. వీధిలో ఆటో అతను హారను మీద హారను కొడుతున్నాడు. మా ఆయనా డాక్టరుగారూ అటు తిరిగి నించుంటారు.

"ఉండు తల్లీ, తీస్తున్నా," అంటాను.

గోరు పెట్టి ఒక అంచు లేపుతాను. నొప్పి చాలా ఉంది. వకుళ తల వంచి బయటికి వస్తుంది, బ్యాగు తగిలించుకుంటుంది, పాల గిన్నె లోపలే ఉంది జాగ్రత్తని చెప్పి మెట్లు దిగుతుంది.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళి చూస్తాను. ఆటోలో చివర కూర్చుంది. దాని చెంపకి నా చర్మం అంటుకునే ఉంది, గాలికి కొంచెం కొంచెం లేస్తోంది. వకుళ ఇప్పుడు చేతులు వెనక్కి కట్టుకోలేదు. అరచేత్తో దాన్ని చెంపకేసి గట్టిగా అదిమి పట్టుకుంటుంది. అది చిరగదు. ఆటో సందు మలుపు తిరిగిపోతుంది. ఆ అరచేతి బరువు మాత్రం నాకు ఇక్కడ, ఖాళీ గదిలో, తెలుస్తూనే ఉంది.