కుచ్చిళ్ళ వెనక జిప్పు

తిరుపతిలో షేర్ ఆటో తోలేవాళ్ళందరిలోకీ వెంకటమునికి ఓ ప్రత్యేకమైన పేరుంది. ఆటో బాగా తోలతాడని వచ్చిన పేరు కాదది. ఏటా గంగమ్మ జాతరలో కట్టే ఆడవేషం వల్ల వచ్చింది. ఎర్రచీర కట్టి, ముఖానికి పసుపు పూసి, సవరం పెట్టి అల్లిన జడ నిండా కనకాంబరాలు తురిమి బేరివీధిలో నడిచొచ్చాడంటే కన్నతల్లి జ్ఞానాంబ కూడా ఓ నిమిషం ఎవరీ పిల్ల అని చూస్తుంది. మీసం మాత్రం తియ్యడు. అమ్మవారికి తెలియని మొగోడినా నేను, మీసం దాయడమెందుకు అంటాడు.

ఆ వేషం సరదాకి మొదలైంది కాదు. భార్య ధరణి కడుపుతో ఉన్నప్పుడు ఒంటేలుకి పోతే మంటగా ఉందని చెప్పింది. వేడి చేసిందిలే, సబ్జా నీళ్ళు తాగు అన్నారు ఇరుగుపొరుగు. తాగింది. మంట తగ్గలేదు సరికదా, కొన్నాళ్ళకి వణుకుతో జ్వరం, నడుముకి ఓ పక్క విపరీతమైన నొప్పి. ఆస్పత్రికి తీసుకెళితే, మూత్రంలో చేరిన ఇన్ఫెక్షన్ పైకి పాకి కిడ్నీని పట్టిందనీ, ఇంకా ఆలస్యం చేసి ఉంటే తల్లికీ బిడ్డకీ ముప్పు వచ్చేదనీ చెప్పారు. ఆ ఆస్పత్రి వరండాలో నిలబడి వెంకటముని మొక్కుకున్నాడు. ఇద్దరినీ ఇంటికి పంపు తల్లీ, ఏడేళ్ళు నీ జాతరకి ఆడదాన్నై వస్తాను అని. ఇద్దరూ ఇంటికొచ్చారు. అప్పుడు పుట్టిన కోమలి ఇప్పుడు బడిలో చేరి, ఇంట్లో అందరి మీదా పెత్తనం చేస్తోంది. ఈ జాతరతో మొక్కు పూర్తి.

అంతా బాగానే ఉంది గానీ, ఆడవేషం కట్టే మగాళ్ళకి ఒక పిచ్చి పద్ధతుంది. చీర కట్టాక నీళ్ళు ముట్టరు. ముడతకో పిన్ను గుచ్చి కట్టిన చీర అది. విప్పితే మళ్ళీ కట్టుకోవడం బ్రహ్మకి కూడా రాదు. కాబట్టి మే నెల ఎండలో, డప్పుల మధ్య, పొద్దుట్నించి సాయంత్రం దాకా నాలుక పిడచ కట్టుకుపోతున్నా సరే, చుక్క తాగకుండా తిరుగుతారు. తాగకపోతే పోవాల్సిన పని ఉండదు గదా అని వాళ్ళ లెక్క. వెంకటముని ఈ తెలివిని జాతరతో ఆపకుండా ఏడాది పొడుగునా వాడుకున్నాడు. రేణిగుంట స్టేషన్ కాడ ఆటో వరసలో పెట్టాక మూత్రానికి దిగితే వంతు పోతుంది మరి.

ఉగాది దాటిన కొన్నాళ్ళకి, నిండా జనాన్ని ఎక్కించుకుని స్టేషన్ నుంచి బయల్దేరబోతుండగా నడుములో ఏదో మెలిపెట్టినట్టయింది. ఆ నొప్పి పక్క నుంచి గజ్జల్లోకి దిగింది. కూర్చుంటే ఓర్చుకోలేడు, నిలబడితే ఓర్చుకోలేడు. రోడ్డు పక్కన చతికిలబడి, "ఆడోళ్ళు బిడ్డల్ని ఎట్ల కంటారో ఈ పొద్దు తెలిసిందిరా నాయనా!" అని కేకపెట్టాడు. స్టాండులోని నేస్తం గోవిందు అతన్ని అతని ఆటోలోనే వేసుకుని, దారంతా వైద్యం చెబుతూ తీసుకెళ్ళాడు. "అరటి దూట రసం తాగాల. లేదంటే బీరు. అదే అన్నీ కడిగేస్తాది."

డాక్టర్ నందిని నొప్పికి సూది వేయించి, స్కాన్ తీయించి, తెర మీద చూపించింది. పెసరగింజంత రాయి కిడ్నీ నుంచి జారి, మూత్రసంచికి పోయే గొట్టంలో ఇరుక్కుని ఉంది.

"నీళ్ళు ఎన్ని తాగతావన్నా?"

"తాగను మేడం. కిడ్నీ పాపం అలిసిపోయుండాదని, దానికి పని తగ్గిస్తాండా."

నందిని నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వాక మాత్రం గట్టిగానే చెప్పింది. "నువ్వు పని తగ్గించలేదు, దాన్ని ఎండబెట్టినావు. రెండు కిడ్నీలూ మన నెత్తుర్ని రాత్రింబగళ్ళు వడకడతానే ఉంటాయి. ఒంటికి కావలసింది వెనక్కిచ్చి, అక్కర్లేనిది మూత్రంగా తోసేస్తాయి. నువ్వు తాగకపోతే ఆ పని ఆగదు, నీళ్ళే తక్కువైపోతాయి. ఉప్పునీళ్ళు ఎండలో పెడితే గిన్నె అడుగున ఉప్పు పేరుకుంటాదే, అట్ల లోపల రాయి కడతాది. నీ ఒంటేలు ఏం రంగులో ఉండాది?"

"టీ డికాషన్ మాదిరి."

"పలచటి నిమ్మరసం మాదిరి ఉండాల. ఆ రంగొచ్చేదాకా తాగు. ఊరగాయలూ ఉప్పూ తగ్గించు. బీరు మాట ఎత్తొద్దు." గోవిందు గోడ మీది పటాన్ని శ్రద్ధగా చూడసాగాడు. "రాయి చిన్నది, కిందికి దిగింది. మాత్రలిస్తా, చాలావరకు దానంతటదే పడిపోతాది. ప్రతిసారీ టీ వడకట్టే జాలీలో పోసి చూడు. దొరికితే తీసుకురా, ఏ రకం రాయో పరీక్ష చేస్తే మళ్ళీ రాకుండా చూసుకోవచ్చు. జ్వరమొచ్చినా, మూత్రం ఆగిపోయినా, నొప్పికి తాళలేకపోయినా ఉన్నపళంగా రా. జాతర దాటినా పడకుంటే లోపలికి గొట్టం పంపి తీసేద్దాం."

అతనికి జాతర అన్న మాట ఒక్కటే చెవిలో నిలిచింది. ఇంటికి రాగానే ధరణి దాన్ని కూడా తుడిచేసింది.

"ఈ ఏడు వేషం లేదు," అంది కుట్టు మిషను మీంచి తలెత్తకుండానే.

"ఇది ఆఖరేడు గదమ్మే! ఆరేళ్ళు కట్టి, ఏడో ఏడు ఎగ్గొడితే తల్లి ఏమనుకుంటాది?"

"నీళ్ళు లేక నువ్వు వీధిలో పడిపోతే నేనేమనుకోవాల? నా కోసం మొక్కినావు. నా పేరు జెప్పి నువ్వు కిడ్నీ పోగొట్టుకుంటే నేను బతికిందానికి అర్థముండాదా? ఆ నొప్పి, ఆ జ్వరం నేను పడుండాను. నీకేం తెలస్తాది!"

జ్ఞానాంబ కూడా ఈసారి కొడుకు పక్షాన మాట్లాడలేదు. ఆ రోజు నుంచీ అతను మహా బుద్ధిమంతుడైపోయాడు. చెప్పినన్ని నీళ్ళు తాగాడు. ఆటో వరసలో వంతు పోతే పోనీ అని దిగివెళ్ళాడు. జాలీ మాత్రం ఖాళీగానే ఉండేది. కోమలి రోజూ బడి నుంచి రాగానే, "నాయనా, రాయి వచ్చిందా?" అని అడిగేది, ఊరి నుంచి రావాల్సిన చుట్టం గురించి అడిగినట్టు.

జాతర చాటింపు వేసిన రోజు ధరణి వంటింట్లోంచి చూస్తే, అతను ట్రంకుపెట్టె తెరిచి ఎర్రచీర బయటికి తీశాడు. ఓసారి నిమిరి, మడత చెదరకుండా మళ్ళీ లోపల పెట్టేశాడు. గొడవ చేసుంటే ఆమె గట్టిగానే నిలబడేది. ఆ పెట్టేయడం చూశాక గుండె నీరైపోయింది.

"ఆ చీర ఇట్ల తే," అంది.

సాయంత్రానికి చీర రూపం మారిపోయింది. కుచ్చిళ్ళన్నీ పావడకి కలిపి కుట్టేసింది. నడుముకి ఎలాస్టిక్ వేసింది. పైటకి భుజం దగ్గర ఒక కొక్కెం. ఇక అసలు పని, కుచ్చిళ్ళ వెనక, నిలువునా, ఒక పొడుగాటి జిప్పు. వెంకటముని దాన్ని పైకీ కిందికీ లాగి చూసి, పెళ్ళాం ముఖంలోకి చూసి, మళ్ళీ లాగి చూశాడు.

"నొప్పొస్తే వెంటనే వెనక్కి వచ్చేయాల. చెంబెడు నీళ్ళు వొద్దన్నావని తెలిసినా, ఆడనే జనంలో విప్పేస్తా చీర," అని హెచ్చరించింది.

డాక్టరుకు ఫోన్ చేసి అడిగితే, నొప్పి లేకపోతే వెళ్ళమంది. నీడన నడవమంది.

జాతర రోజు వెంకటముని బయల్దేరాడు. ఒక చేతిలో వేపమండ, భుజానికి జరీ సంచి, సంచిలో నీళ్ళ సీసా, టీ జాలీ. పక్కన ధరణి, ఆమె చెయ్యి పట్టుకుని కోమలి. పందిరి కనిపించిన చోటల్లా ఎవరో ఒకరు మజ్జిగ పోస్తున్నారు, అంబలి పోస్తున్నారు. ఇన్నేళ్ళూ చూసి మొహం తిప్పుకున్న మజ్జిగని ఈసారి రెండో గ్లాసు అడిగి మరీ తాగాడు. ఎంత రుచిగా ఉందో! జాతరలో ఇంత సుఖం ఉందని అతనికి ఈ ఏడే తెలిసింది.

తాగింది ఊరికే పోతుందా. అమ్మవారి గుడి ఉన్న తాతయ్యగుంట దగ్గర్లోని మరుగుదొడ్డికి వెళితే, మగవాళ్ళ వైపు వరసంతా చీరలే, నీళ్ళు తాగకపోయినా వాళ్ళకీ పని తప్పలేదు. పెళ్ళికూతురి వేషంలో గోవిందు ముందున్నాడు. పెదాలు ఎండి చీలిపోయి, రెండు చేతులా కుచ్చిళ్ళు బిగించి పట్టుకున్నాడు.

"విప్పితే మళ్ళీ ఎవురు కడతారబ్బా?" అని ఏడుపు ముఖం పెట్టాడు.

వెంకటముని, ఎటూ తేల్చుకోలేని గోవిందుని దాటుకుని లోపలికి వెళ్ళి, జాలీ పట్టి, దర్జాగా జిప్పు లాగాడు. సన్నటి పోటు ఒకటి మెరుపులా వచ్చిపోయింది. జాలీలో చిన్న చప్పుడైంది. వంగి చూశాడు. గోధుమరంగులో, గరుకుగా, పెసరగింజంత రాయి! ఇంత చిన్నదా నన్ను రోడ్డు మీద కూలదోసింది అని నిజంగానే కోపం వచ్చింది. ఆ వెంటనే పట్టరాని సంతోషం వచ్చింది.

"రాయి పడిందబ్బా! రాయి పడిపోయింది!" అని అరుస్తూ జాలీ పైకెత్తి బయటికి వచ్చాడు. వరసలో ఉన్న పెళ్ళికూతుళ్ళంతా చెయ్యెత్తి, గంగమ్మ తల్లికి జై కొట్టారు. ఆ ఊపులో గోవిందు కుచ్చిళ్ళు వదిలేశాడు. మిగతాది చెప్పక్కర్లేదు.

రాయిని కాగితంలో చుట్టి ధరణి చేతిలో పెట్టాడు. అమ్మవారి పాదాల దగ్గర పెడదామా అంటే ఆమె ఒప్పుకోలేదు. "తల్లి చూసింది చాలు. ఇది డాక్టరమ్మకి," అని పైట కొంగున ముడేసుకుంది. ముడి మీంచే కోమలి దాన్ని తడిమి, "ఇంతేనా?" అని పెదవి విరిచింది.

గుడిలో జనం తోసుకుంటుంటే వెంకటముని అమ్మవారి ముందుకు చేరాడు. ఏడేళ్ళ మొక్కు తీరిందని చెప్పి దణ్ణం పెట్టి వచ్చేద్దామని ఇంటి దగ్గరే మాటలు కూర్చుకుని వచ్చాడు. తీరా చేతులు జోడిస్తే పక్కనే ధరణి, చెమటతో, కుంకుమతో, కొంగున ముడితో, నిక్షేపంగా నిలబడి ఉంది. అనుకున్న మాట నోటికి రాలేదు.

"తల్లీ, వచ్చే ఏడు గూడా వస్తా," అన్నాడు పైకే. ధరణి వైపు ఓరగా చూసి, "నీళ్ళు తాగే వస్తా," అని కలిపాడు.

ధరణి ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. తర్వాత సంచిలోంచి సీసా తీసి, మూత తిప్పి, అతని చేతికిచ్చింది. "అయితే ఇప్పట్నించే తాగు," అంది. ఆ మీసాల ఆడమనిషి గంగమ్మ ఎదుటే గటగటా తాగేసింది.