చింతచెట్టుకు జమానత్

ఆదివారం వస్తే మనుషులు చికెన్ తెచ్చుకుంటారు, తిని కాళ్లు చాపుకుని పడుకుంటారు. మా ఇంట్లో మాత్రం నా భార్య బాలమణి పొద్దున్నే సద్ది కట్టి, నీళ్ల బాటిల్ సంచిలో వేసుకుని బండి పక్కన నిలబడుతుంది. ముసలి చెట్లు చూడటం ఆమెకు పిచ్చి. వనపర్తిలో వారమంతా మిక్సీలు, ఫ్యాన్లు రిపేరు చేసి నడుము పట్టేసిన నేను ఆమెకు డ్రైవర్ని.

అలంపూర్ దగ్గర వరదకు ఒరిగిపోయి, మోచెయ్యి నేలకానించి పడుకున్న మనిషిలా పెరుగుతున్న వేపను చూపించింది. నాగర్‌కర్నూల్ వైపు తాటిచెట్టును నిలువునా చుట్టేసుకున్న రావిని చూపించింది. "చెట్టు చెట్టే గదనే, దీనికి గింత పెట్రోలా?" అని నేను ప్రతిసారీ గొణుగుతాను. ఆమె వింటే కదా!

పోయిన ఎండాకాలం ఆత్మకూరు అవతల ఒక చింతచెట్టు కోసం బయలుదేరినప్పుడు మాత్రం ఆమె ముఖంలో నవ్వు లేదు. ఆ చెట్టు మొదట్లో మనిషి దూరేంత తొర్ర ఉందట. ఆమె తల్లి ఆ చేలల్లో పల్లికాయ తెంపే కూలికి పోతూ, పసిపిల్ల బాలమణిని ఆ తొర్రలోనే పడుకోబెట్టేదట. తల్లి పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆ చెట్టు కాపు ఆగిందని, కొట్టేస్తారని ఎవరో చెప్పారు.

"ఉంటదంటవా?" అని దారి పొడుగునా అడిగింది.

"ముసలి చెట్టు యాడికి ఉరుకుతది?" అన్నాను. అన్నాను గానీ బండి వేగం పెంచాను.

చెట్టు ఉంది. దాని ముందు ఒక పెద్దావిడ గొడ్డలి ఎత్తి నిలబడి ఉంది.

"కాయవా? కాయకపోతే నరుకుత! ఇయ్యాల్నే నరుకుత!" అని చెట్టును తిడుతూ ఒక దెబ్బ వేసింది. చిన్న బెరడు ముక్క లేచింది.

నాకేమైందో నాకే తెలియదు. బండి స్టాండు కూడా వెయ్యలేదు, అది బాలమణితో సహా పడబోయింది. ఉరికి పోయి చెట్టుకు అడ్డంగా చేతులు చాపాను. "ఓ అమ్మా, జర ఆగు! నరకకు! ఈసారికి ఇడిసిపెట్టు! వచ్చే ఏడు కాస్తది, నేను చెప్తున్న గద!"

ఆమె గొడ్డలి దించి హాయిగా ఊపిరి పీల్చుకుంది. "అమ్మయ్య! పొద్దుగాల నుంచి చూస్తున్న, ఒక్కడన్న రాకపాయె. ఇగ జమానత్ నీదే బిడ్డా."

ఆమె పేరు సుగుణమ్మ, చెట్టు ఆమెదే. వాళ్లింటి ఆనవాయితీ అది. కాపు తప్పిన చెట్టును ఒకరు గొడ్డలితో బెదిరించాలి, ఇంకొకరు అడ్డుపడి జమానత్, అంటే పూచీ, ఉండాలి. ఎప్పుడూ ఆమె బెదిరిస్తే భర్త అడ్డుపడేవాడు. ఆయన పోయాడు. వస్తానన్న పక్క చేను వెంకటన్న రాలేదు. అడ్డుపడే మనిషి లేకపోతే ఆమె మాత్రం ఎంతసేపని తిడుతుంది?

బాలమణి నేల మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

"నవ్వకు బిడ్డా," అంది సుగుణమ్మ. "వచ్చే ఏడు గూడ కాయకపోతే నిజంగనే కొట్టిస్తనన్నడు నా కొడుకు నరేందర్. గప్పుడు జమానత్ ఉన్నోన్నే అడుగుతం."

బాలమణి నవ్వు ఆగిపోయింది. లేచి వెళ్లి తొర్రలో కూర్చుంది. చాలాసేపు బయటికి రాలేదు. నేనూ పిలవలేదు.

ఇక ఆదివారం వస్తే ఆత్మకూరు పోదామని తొందరపెట్టేది నేనే. వానాకాలంలో పూత కోసం కొమ్మ కొమ్మా వెతికాను. చెట్టును బతిమాలాను కూడా, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడే లెండి.

కాయ దులిపే రోజున వెళ్లాం. అంత పెద్ద చెట్టుకు తూర్పు కొమ్మ ఒక్కటే కాసింది. నరేందర్ నా వైపు చూసి పెదవి విరిచాడు. "గిది కాపంటరా, నర్సింహులన్నా? బుట్ట గూడ నిండదు."

నాకు కోపం తన్నుకొచ్చింది. "కాస్తదన్న, కాసింది. గింత కాస్తది, గంత కాస్తది అని నేనేమన్న చెప్పిన్నా? మీ అమ్మనడుగు!"

సుగుణమ్మ ఒక కాయ పెంకు తీసి నోట్లో వేసుకుంది. పులుపుకు కళ్లు గట్టిగా మూసింది. బాలమణి ఆమెనే చూస్తోంది.

"కాసింది," అంది సుగుణమ్మ. "గొడ్డలి లోపల పెట్టు, నరేందరూ."

"మరి మిగతా కొమ్మల సంగతేంది?" అన్నాడతను.

"వాటికి గూడ నాదే జమానత్," అన్నాను, ఎవరూ అడగకముందే.

బాలమణి అందరి ముందే నా చెయ్యి పట్టుకుంది. మా పెళ్లయ్యాక అలా పట్టుకోవడం అదే మొదటిసారి.