ఇతరం వాయించిన పరమేష్

గౌడవెల్లి పరమేష్‌కు డప్పు తప్ప మరో వాయిద్యం చేతకాదు. శామీర్‌పేట దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో సంగీత పరిశ్రమ డిగ్రీ కొత్తగా పెట్టారని తెలిసి దరఖాస్తు పెట్టాడు. రికార్డింగు, పాట హక్కులు, కచేరీలు నడపడం, అన్నీ నేర్పుతారట. వాళ్ల నాయిన సిద్దిరాములు కట్టిన దరువొకదాన్ని ఎవడో సెల్లులో రికార్డు చేసుకుపోయి డీజే పాటలో కలిపేశాడు. మేడ్చల్‌లో ఏ పెళ్లి బరాత్ చూసినా అదే మోత. సిద్దిరాములు పేరు మాత్రం ఎక్కడా లేదు. పరమేష్ కడుపుమంట అదీ.

ఆన్‌లైన్ దరఖాస్తులో వాయిద్యాల జాబితా ఉంది. గిటారు, పియానో, వయొలిన్, తబలా ఉన్నాయి గానీ డప్పు లేదు. అట్టడుగున 'ఇతరం' అని కనిపిస్తే దాన్నే నొక్కాడు. వారం తిరక్కుండా హాల్‌టికెట్ వచ్చింది. వాయిద్యం: ఇతరం.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే డప్పును మంటకు కాచి, భుజాన వేసుకుని, బండి మీద కాలేజీకి చేరాడు. గేటు దగ్గర గండయ్య అనే సెక్యూరిటీ ఆపాడు.

"ఏందిది?"

"డప్పు కాకా. లోపట కొట్టి సూపియ్యాలె."

గండయ్య హాల్‌టికెట్‌ను అక్షరం అక్షరం చదివాడు. "గిండ్ల ఇతరం అని ఉన్నది. నువ్వేమో డప్పు తెచ్చినవ్."

"డప్పే ఇతరం కాకా."

"నాకు డప్పు తెల్వదా? మా తమ్ముని పెండ్లిల పొద్దుగూకేదాక ఎగిరిన. గిది డప్పే. పోయి ఇతరం తే, పంపుత. జల్దీ పో, టైమైతాంది."

ఎంత బతిమాలినా గండయ్య వినలేదు. రోడ్డవతల మిర్చి బండి దగ్గర ఖాళీ నూనె డబ్బా కనిపిస్తే పరమేష్ అడిగి తెచ్చాడు.

"గిదేంది?"

"ఇతరం," అన్నాడు పరమేష్, డబ్బాను ముందుకు చాపి.

గండయ్య డబ్బాను తిప్పి తిప్పి చూశాడు. "గిదేదో ముందుగాల్నే తేవద్దా?" అని రిజిస్టర్లో 'ఇతరం - ఒకటి' అని రాసుకుని, డప్పును తన కుర్చీ పక్కన భద్రంగా పెట్టి లోపలికి వదిలాడు.

లోపల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన జోగారావు, కాకినాడ వైపు మనిషి, వయొలిన్ పంతులు. ఇతరం వాయించేవాడు వస్తున్నాడని కాలేజీవాళ్లు ఆయన్ని ఆ వాయిద్యానికి నిపుణుడిగా వేశారు. పాపం, ఏసీ గదిలోనూ నుదురు తుడుచుకుంటున్నాడు.

"మీది ఏ బాణీ బాబూ?"

"గౌడవెల్లి బాణీ సార్."

జోగారావు ముఖం విప్పారింది. "అదీ! చూడగానే అనుకున్నానండీ," అని పక్కవాళ్లతో గర్వంగా అన్నాడు. "కానివ్వు బాబూ."

పరమేష్ డబ్బాను మోకాళ్ల మధ్య ఇరికించుకుని నాయిన దరువు అందుకున్నాడు. అడుగున మిగిలిన నూనె ఇస్త్రీ ప్యాంటు మీద చిందింది. టీ తెచ్చిన మనిషి తెలియకుండానే అడుగులు వేశాడు. దరువు ఆగాక పరమేష్‌కు అబద్ధం మింగుడుపడలేదు.

"సార్, మాఫ్ చెయ్యున్రి. ఇతరం అని ఏ వాద్యం లేదు. గిది మిర్చి బండి డబ్బా. నేను కొట్టేది డప్పు, గేటు కాడున్నది."

జోగారావు ముందుకు వంగి, గొంతు తగ్గించి అన్నాడు. "లేదనకు బాబూ. నిన్ననే ఆ శాఖకి నన్ను అధిపతిని చేశారు."

పరమేష్‌కు సీటు వచ్చింది. ఇతరం శాఖలో ఒకే ఒక్క విద్యార్థి. వాయిద్యం పేరు డప్పుగా మార్చమని అడిగితే, శాఖాధిపతి ఒప్పుకోవాలన్నారు. జోగారావు కళ్లనీళ్ల పర్యంతమయ్యాడు. "నువ్వు మారితే నా శాఖ మూతపడుతుంది. దానికంటే ఆ డప్పేదో నాకే నేర్పరాదూ?"

"నేనేడ నేర్పుత సార్! మా నాయిన నేర్పుతడు."

ఆదివారం జోగారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని గౌడవెల్లి వచ్చాడు. ఏం పని చేస్తారని సిద్దిరాములు అడిగితే, "ఇతర శాఖాధిపతినండి," అన్నాడు. సిద్దిరాములుకు అర్థం కాలేదు గానీ, పెద్ద నౌకరీయే అనుకుని పీట వేశాడు. డప్పు ఆయన భుజానికి తగిలించి చేతికి పుల్ల ఇచ్చాడు.

"గంత గట్టిగ పట్టకున్రి సారు, పలుకది. సెయ్యి సడలియ్యున్రి. ఆఁ... మల్ల మొదటి కాంచి."

మధ్యాహ్నానికి జోగారావు అరచేతిలో బొబ్బ లేచింది. ఆయన దాన్ని వాడకట్టులో అందరికీ చూపించి, మురిసిపోతూ ఇంటికి బయలుదేరాడు.