వీరలక్ష్మి హోటల్ ముందు బల్ల

శివమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇస్నాపూర్‌లో ఆ కిరాయి గదుల వరుసంతా ఒప్పుకుంటుంది. కానీ ఈ మధ్య ఆమెను పట్టుకున్నది కోపం కాదు, కుళ్లు. అన్నం సయించనివ్వని కుళ్లు. దానికో పేరు కూడా ఉంది, వీరలక్ష్మి.

వీరలక్ష్మి చాయ్ హోటల్ ఫ్యాక్టరీ గేటుకూ ఈ గదులకూ నడిమధ్యన ఉంది. శివమ్మ మొగుడు ఐలన్న మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు దొర్లించే పని చేస్తాడు. డ్యూటీ దిగి నడిచి వస్తూ, సరిగ్గా ఆ హోటల్ ముందుకు రాగానే బల్ల మీద చతికిలబడతాడు. ఒకరోజా, రెండు రోజులా? రోజూ అదే తంతు. చాయ్ తాగుతాడు, ఆమెతో ముచ్చట పెడతాడు, అరగంటకు గానీ లేవడు. ఆ వీరలక్ష్మికి మొగుడు లేడాయె, నవ్వితే బుగ్గ సొట్ట పడుతుందాయె! శివమ్మ కూరగాయల వంకతో వెళ్లి, మలుపు దగ్గర నిలబడి కళ్లారా చూసింది. అప్పటినుంచి ఒకటే కడుపుమంట.

"గామె దుకానం ముంగటనే ఎందుకు కూసుంటవ్?" అని నిలదీసింది.

"పిక్క పట్టేస్తది శివమ్మా. ఆడిదాక వచ్చేసరికి అడుగు పడదు."

"మరి కూసుంటే?"

"తగ్గిపోతది."

దొరికిపోయాడు అనుకుంది శివమ్మ. కూర్చోగానే మాయమయ్యే నొప్పి లోకంలో ఎక్కడైనా ఉంటుందా! ఆమె నడుం నొప్పి కూర్చున్నా పోదు, పడుకున్నా పోదు. ఈయన నొప్పికి మాత్రం చాయ్ హోటల్ కావాల్సి వచ్చిందట.

ఆ నొప్పి చూపించుకోవడానికి వెళ్తే, బస్తీ దవాఖాన డాక్టరు ఐలన్న చీలమండ దగ్గర బీపీ చూసి పెదవి విరిచాడు. కాలికి నెత్తురు సరిగ్గా దిగుతున్నట్టు లేదనీ, కండకు అది ఎంత అందుతోందో వెలుతురుతో చూసే పరీక్ష సంగారెడ్డిలో చేస్తున్నారనీ చెప్పాడు. ఐలన్న వద్దన్నాడు. శివమ్మ వింటేనా! చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది. ఆమె లెక్క ఆమెకుంది. నొప్పి నిజమో అబద్ధమో ఇవాళ మిషనే చెబుతుంది. అబద్ధమని తేలిందా, అటునుంచి అటే ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో తమ్ముడింటికి పోతుంది, మళ్లీ ఈ మనిషి మొహం చూడదు. తమ్ముడికి ఫోన్ చేసి వస్తున్నానని కూడా చెప్పేసింది.

పరీక్ష గదిలో డాక్టర్ తనుశ్రీ ఐలన్న పిక్కకు అగ్గిపెట్టంత నల్లటి బిళ్లను పట్టీతో కట్టింది. దాంట్లోంచి వెలుతురు చర్మం దాటి కండలోకి పోతుందనీ, అక్కడి నెత్తురులో ఆక్సిజన్ ఎంతుందో తెరమీద గీత చూపిస్తుందనీ చెప్పింది. శివమ్మ స్టూలు జరుపుకుని తెరకెదురుగా కూర్చుంది.

"బిడ్డా, అబద్ధమాడితే గిట్ల తెలుస్తదా?"

తనుశ్రీ నవ్వింది. "నోటితో ఏం చెప్పినా దీనికి అక్కర్లేదమ్మా. ఇది కండనే చూస్తుంది."

ఐలన్నను ఎక్కించగానే నడక మిషన్ మీది పట్టా కదిలింది. ఐలన్న నడిచాడు. కాసేపటికే గీత కిందికి జారడం మొదలైంది. అతను కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు. మొహం మీద చెమటలు పట్టాయి. "ఇగ నాతోని కాదు మేడం," అని ఆగిపోయి కుర్చీలో కూలబడ్డాడు. గీత కాసేపు అడుగునే ఉండిపోయింది.

"మంచి కాలైతే ఆగిన వెంటనే లేస్తుందమ్మా. ఈయనకు చూడండి, ఎంత మెల్లగా లేస్తోందో. రక్తనాళం సన్నబడింది. నొప్పి నిజమే."

శివమ్మ ప్రాణం లేచి వచ్చింది, వెంటనే సిగ్గుతో చచ్చినంత పనయింది. కొంగుతో మొగుడి నుదురు తుడిచింది. "ఎంతసేపు కూసుంటే సక్కగైతది బిడ్డా?"

"రెండు మూడు నిమిషాలు చాలు."

కొంగు చేతిలోనే ఆగిపోయింది. రెండు మూడు నిమిషాలా!

"మిగిలిందంత ఎవలకోసం కూసున్నవ్?" అంది పళ్ల బిగువున.

తనుశ్రీ మర్యాదగా అటు తిరిగి వైర్లు చుట్టుకోసాగింది. ఐలన్న తలెత్తలేదు.

"ఆమె మొగనికి గిట్లనే షురువైందట. తర్వాత పుండు పడ్డది, కాలు తీసేసిన్రు. ఆయన బతకలే. నేను ఆగుడు చూసి గుర్తుపట్టింది, జల్దీ చూపించుకో అన్నది. నాకు భయమైంది. కాలు పోతే పనెవడిస్తడు, నిన్నెట్ల సాదాలె? రోజూ ఆమెను గదే అడుగుతుంటి. ఒకనాడైతే... ఏడ్చిన."

"ఏడ్చినవా? ఆమె ముంగట?"

అవునన్నట్టు తలూపాడు.

సరసమాడాడని తేలినా శివమ్మకు ఇంత రగిలేది కాదు. జుట్టు పట్టుకుని కొట్లాడేది, తీరిపోయేది. ఇన్నేళ్ల కాపురంలో ఈ మనిషి కన్నీళ్లు ఎట్లా ఉంటాయో తను చూడలేదు. ఎవరో చాయ్ పోసే ఆడమనిషి చూసింది.

"నాకెందుకు చెప్పలే? నీ పెండ్లాన్ని కానా?"

"చెప్పిన కదనే, పిక్క పడుతుందని. నువ్వు నమ్మినవా? ఏడిస్తే మాత్రం నమ్ముతుంటివా? నాటకాలంటుంటివి."

శివమ్మ వంగి ఆ పిక్కను మెల్లగా నిమిరింది. ఆమె అట్లా నిమరడం ఐలన్న ఎన్నడూ ఎరగడు, కంగారుపడి చూశాడు.

తనుశ్రీ ఇటు తిరిగింది. తొందరగానే వచ్చారు, ధైర్యంగా ఉండండి అంది. బీడీలు మానాలనీ, మందులు వాడాలనీ, రోజూ నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలనీ చెప్పింది. "తోడుగా ఎవరైనా ఉంటే మంచిది. ఎవరున్నారు మీకు?"

"ఎవరున్నరంటే ఏంది? నేనున్న!" శివమ్మ గయ్యిమంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లున్నా గొంతు మాత్రం తగ్గలేదు. "ఇగ భయమైతే నాతోనే చెప్పు. ఏడిస్తే నా ముంగటనే ఏడువు. ఇంకో ఆడిదాని ముంగట నీ కంట్ల నీళ్లొచ్చినయో, ఆ కాలు నేనే ఇరగ్గొడ్త!"